వెనక్కి పో, గీతమీద రా

1978వ సంవత్సరం, జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం. నడివేసవి కత్తిరి ఎండలు ముగిసి పక్షం రోజులు దాటాయని పంచాంగం చెబుతున్నా, తిరుత్తణి ఎండకు పంచాంగం చూసే అలవాటు లేదు. ఉదయం తొమ్మిదిన్నరకే మద్రాసు-తిరుపతి రోడ్డుమీది తారు మెత్తబడి, నడిచేవారి చెప్పులను ఒక్క క్షణం పట్టుకుని, ఆలోచించి వదిలిపెడుతోంది. అటువంటి రోడ్డును ఉన్నత పాఠశాల తెలుగు పండితులు సుందరరాజులుగారు ఆ ఉదయం మూడుసార్లు దాటారు. ఆయనకు కావలసినది ఒక్కసారే. మిగిలిన రెండుసార్లూ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆదికేశవులు దాటించినవి.

ఆదికేశవులుకు ఉన్నది ఒకే ఒక్క గుణం. రోడ్డును తెల్లగీతల మీద కాక మరెక్కడ దాటినా, దాటినవాణ్ణి వచ్చిన పక్కకే తిప్పి పంపి, గీతల మీదుగా మళ్ళీ రప్పిస్తాడు. తిట్టడు. కొట్టడు. స్టేషనుకు తీసుకుపోడు. జరిమానా పుస్తకం జేబులో ఉన్నదిగాని, దాని మొదటి కాగితమే ఇంకా చిరగలేదు. ఈల ఒకటి ఊది, కుడిచెయ్యి చాచి, రెండు వాక్యాలు పలుకుతాడు. "వెనక్కి పో. గీతమీద రా."

రెండూ విధ్యర్థకాలు. కర్త పైకి కనబడకపోయినా ఎవరికి చెప్పాడో అందరికీ తెలుస్తుంది. ఇంత క్లుప్తతను పిల్లలకు అలవరచాలని సుందరరాజులుగారు ఇరవైరెండేళ్ళుగా శ్రమిస్తున్నారు. అయినా ఆ ఉదయం దానిని మెచ్చుకునే స్థితిలో ఆయన లేరు.

"ఏమప్పా, నేనెవరో తెలుసునా?"

"తెలుసు సార్. తెలుగు అయ్యోరు. మా అన్న కొడుక్కు మీరే పాఠం చెప్పినారు."

"తెలిసీ ఆపినావా?"

"తెలిసినోళ్ళను వదిలితే తెలీనోళ్ళు ఏమనుకుంటారు సార్? వెనక్కి పోండి. గీతమీద రండి."

"బడిగంట కొట్టేస్తారు."

"ఇంగా కొట్టలేదు సార్. ఆపక్కకు పోయి రొంతసేపు నిలబడండి. ఇంగో ముగ్గురొస్తే అందురూ కలిసి వస్తురు."

ముగ్గురు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. తిరుత్తణిలో రోడ్డును అడ్డంగా దాటేవారికి ఏనాడూ కరవు లేదు. ఐసు బండివాడొకడు, కూరగాయల తట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు దొరికారు. చింతపండు కొట్టులో కూలికి పోయే తిరుమలమ్మ అనే ముసలామె కూడా వచ్చి వారిలో చేరి, గీత తప్పనిది తానొక్కతే అయినా అందరి తరఫునా పోలీసును తిట్టే బాధ్యత తీసుకుంది. ఈల మోగింది. లారీలు ఆగాయి. గుంపు కదిలింది. సరిగ్గా నడిరోడ్డుమీద, తారు తన ఎడమచెప్పును పట్టుకుని ఆలోచిస్తున్న క్షణంలో, బడిగంట సుందరరాజులుగారి చెవిని పడింది. ఇరవైరెండేళ్ళ ఉద్యోగంలో అది మొదటి ఆలస్యం. హాజరుపట్టీలో ఆయన పేరుకెదురుగా ఎర్రసిరా పడింది. ఎర్రసిరాతో ఆయనది చిరకాల స్నేహమే అయినా, అది తనవైపు తిరగడం అదే ప్రథమం.

దాటడం తిరుత్తణికి కొత్త అనుకోరాదు. 1960 ఏప్రిల్ ఒకటవ తేదీన ఒక్క ఇల్లూ కదలకుండా ఊరంతా చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలోకి దాటింది. ఆంధ్రలో పడుకున్నవారు మద్రాసులో లేచారు. అటూ ఇటూ చూసి దాటారా అని ఎవరూ అడగలేదు. నాటినుంచి సుందరరాజులుగారి తెలుగు తరగతి ఏటేటా పలచబడుతూ పదకొండుమంది దగ్గర నిలిచింది. ఆ గీత గీసినవారు వేరు, ఈ గీతలు గీసినవారు వేరు. మనకు సంబంధించినవి ఈ గీతలే.

వీటిని రోడ్డు శాఖవారు కిందటి ధనుర్మాసంలో, తెల్లవారకముందే వచ్చి గీసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. పొద్దున లేచి చూసిన ఆడవాళ్ళకు నడిరోడ్డుమీద తెల్లటి ముగ్గు కనబడింది. పనితనం తక్కువే అయినా ముగ్గు ముగ్గే. దానిని తొక్కరాదు గనుక జనం దాని చుట్టూ తిరిగి దాటారు. రెండవనాడు ఎవరో పుణ్యాత్మురాలు నట్టనడుమ పేడముద్ద పెట్టి, గుమ్మడిపూవు గుచ్చింది. మూడవనాడు ఆ పూవు మీదుగా పోయిన లారీ డ్రైవరును పదిమంది చుట్టుకుని నిలదీశారు. ఆ విధంగా, పాదచారులు నడవడానికని గీసిన ఆ పది గజాలే ఊరు మొత్తంమీద పాదం పడని చోటుగా నెలల తరబడి వెలిగాయి.

బడికి వేసవి సెలవులు ఉండగా ఆదికేశవులు వచ్చాడు. ఊరికి దగ్గరి పల్లె కే.జీ.కండిగైలో సేద్యం చేసుకునే కుటుంబం వాడిది. మడిలో నారు వరస తప్పితే పీకి మళ్ళీ నాటించే తండ్రి చేతిలో పెరిగాడు. వచ్చిన మొదటిరోజే పేడముద్దను స్వహస్తాలతో తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఈల అందుకున్నాడు.

"అమ్మా, ఇది ముగ్గు కాదు, గీత. తొక్కాల. తొక్కకుంటేనే తప్పు."

"తొక్కితే కన్ను పోతాదేమో నాయనా?"

"తొక్కకుంటే కాలు పోతాది. వెనక్కి పో. గీతమీద రా."

అతడికి తన మన భేదం లేదని ఊరికి తెలిసింది అతడి భార్య దేవకి వల్ల. ఒకనాటి మధ్యాహ్నం ఆమె అన్నం క్యారియరుతో, మొగుడే కదా అన్న ధీమాతో, రోడ్డును మూలగా దాటి వచ్చింది. ఈల మోగింది.

"వెనక్కి పో. గీతమీద రా."

దేవకి మారుమాట లేకుండా వెనక్కి పోయింది. పోయి, ఆవలిపక్క టీ అంగడి బల్లమీద క్యారియరు పెట్టి, తానూ కూర్చుంది. పావుగంట చూసి ఆదికేశవులు కేకవేశాడు. "ఏమ్మే, రాలేదే?"

"అన్నం ఈడే ఉంటాది. ఆకలైనోడు గీతమీద రానీ!"

ఆదికేశవులు గీతమీదే వెళ్ళాడు. పప్పు చల్లబడినందుకు అతడు నొచ్చుకున్నట్టుగాని, భార్య చట్టాన్ని గౌరవించినందుకు మెచ్చుకున్నట్టుగాని ముఖంలో ఏమీ కనబడలేదని టీ అంగడి మునుస్వామి చాలాకాలం చెప్పేవాడు.

అంతకన్న పెద్ద పరీక్ష ఆ ఏటి సుబ్రహ్మణ్యస్వామి పండుగ ఆడికృత్తికనాడు వచ్చింది. కొండకు పోయే కావడులతో రోడ్డు పసుపుపచ్చగా ఉంది. అదే కే.జీ.కండిగైవాడైన మునిరత్నం, భుజాన పూలకావడి, ఒంటిమీద సామి, నోట "అరోహరా" తప్ప మరో మాట లేకుండా గీతలకు ఇరవై గజాల అవతల రోడ్డు దాటేశాడు. ఈల మోగింది. మేళం ఆగిపోయింది. మునిరత్నం కళ్ళెర్రజేసి గర్జించాడు.

"ఎవుర్రా నన్ను ఆపింది?"

ఆదికేశవులు టోపీ తీసి చంకన పెట్టుకుని చేతులు జోడించాడు. "నేనే సామీ. నాలుగువందల ముప్పైరెండో నంబరు."

"నేనెవరో తెలుసునా?"

"తెలుసు సామీ. మురుగప్పవి. గీత ఆపక్క ఉండాది."

మునిరత్నం ఆడుతూనే వెనక్కి పోయి, ఆడుతూనే గీతమీదుగా వచ్చి, కొండవైపు సాగిపోయాడు. సాక్షాత్తూ సుబ్రహ్మణ్యస్వామే పోయివచ్చిన గీతమీద పోవడానికి మనకేమి నామోషీ అని ఊరిలో సగంమంది ఆనాటితో దారికి వచ్చారు.

రెండవ సగానికి నాయకులు సుందరరాజులుగారు. ఆయన అభ్యంతరం న్యాయమైనది. మొదటి పరాభవం తరువాత ఆయన గీతమీదే దాటసాగారు. అయినా ఆలస్యం తప్పలేదు. ఉదయం తొమ్మిది నలభైకీ, సాయంత్రం నాలుగున్నరకూ ఆదికేశవులు గీతమీద వచ్చినవారిని కూడా ఆపుతున్నాడు.

"గీతమీదే గదప్పా వచ్చినాను? ఇంకా ఎందుకు ఆపుతావు?"

"ఒంటిగా దాటకూడదు సార్. ఇంగో ముగ్గురు రానీండి."

"ఇది ఏ చట్టంలో ఉన్నది?"

ఆదికేశవులు రోడ్డు అటూ ఇటూ చూసి చెప్పాడు. "ఈ రోడ్డు చట్టంలో."

జూలై ముగిసేసరికి ఎర్రసిరా పదునాలుగు చోట్ల పడింది. ఆగస్టులో సుందరరాజులుగారు అర్జీ రాశారు. పదకొండు పుటలు. అందులో ఒక్క వాక్యమైనా క్రియ లేకుండా ముగియలేదు, ఒక్క క్రియ అయినా పౌరుషం లేకుండా రాలేదు. "ఒక్క రోడ్డును మూడడుగుల కథగా మార్చి ముమ్మారు దాటుట త్రివిక్రమునికి చెల్లును గాని, తెలుగు పండితునికి చెల్లదు" అన్న వాక్యం రాసిన తరువాత ఆయన లేచి రెండు గ్లాసుల మజ్జిగ తాగవలసి వచ్చింది.

అర్జీ పట్టుకుని తిరువళ్ళూరులోని పోలీసు పై కార్యాలయానికి స్వయంగా వెళ్ళారు. గుమాస్తా గోపాలన్ దానిని తిప్పి తిప్పి చూశాడు.

"ఇంట్లో మాట్లాడేది తెలుగే సార్. చదివేది మాత్రం అరవమే. మీరే చదివేయండి."

సుందరరాజులుగారు చదివారు. పదకొండుమంది పిల్లలకు చదివి చదివి, ఇంత పెద్ద సభ ఆయనకు దొరికి చాలా ఏళ్ళయింది. మూడవ పుటకు పక్క బల్లలవారు కలాలు దించారు. త్రివిక్రముని దగ్గరికి వచ్చేసరికి అధికారే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఒన్స్ మోర్ సార్" అన్నాడు గోపాలన్. పది రోజులలో ఆదికేశవులుకు పళవేర్కాడుకు బదిలీ అయింది. అది సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు. అక్కడ దాటవలసినవి నీళ్ళు. గీతలు నిలవవు.

బదిలీ కాగితం తీసుకోవడానికి ఆదికేశవులు తిరువళ్ళూరు పోయిన ఉదయం, సుందరరాజులుగారు రోడ్డును మూలగా, తీరికగా, ఒక్కసారే దాటారు. దాటి, ఆ స్వేచ్ఛను ఇంకొంచెం అనుభవిద్దామని వెనుదిరిగి చూశారు. జనం ఎవరిష్టం వచ్చినట్టు వారు దాటుతున్నారు. గీతల దగ్గర మాత్రం ఒక్క తిరుమలమ్మ నిలబడి ఉంది. తల పైకెత్తి, ఒక చెవి రోడ్డువైపు పెట్టింది. తిరుపతి బస్సు పోయింది. ఆమె అడుగు ముందుకు వేసింది. లారీ హారన్ కొట్టింది. అడుగు వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది. మళ్ళీ తీసుకుంది.

సుందరరాజులుగారు ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్ళారు.

"దాటాలా అవ్వా?"

"ఎవురు నాయనా? గొంతు బడి అయ్యోరిది మాదిరి ఉండాదే?"

ఆయన ఆమెకు మూరెడు దూరంలో, ఎదురుగా నిలబడి ఉన్నారు.

"అవ్వా, నీకు కళ్ళు కనబడవా?"

"మెల్లిగా మాట్లాడు! వెలుతురు తెలస్తాది. మనిషి తెలీడు. ఈ ఎండాకాలం నుంచి ఇంతే."

ఆయన చెయ్యి చాచారు. చెయ్యి తగలగానే ఆమె దానిమీద ఒక్క దెబ్బ వేసింది.

"పట్టుకోవాకు! ఆపక్క కొట్టు వాకిట్లో సావుకారు ధనకోటి కూర్చోనుంటాడు. చెయ్యి పట్టుకోని దాటినానంటే కళ్ళు పోయినాయని కనుక్కుంటాడు. రేపట్నించి రావద్దంటాడు. చింతగింజ తీసేదానికి వేళ్ళు చాలవా? కన్నెందుకు? అది చెప్తే వాడికి ఎక్కదు. ఈ కూలి పోతే నేను ఇంగెవురి పంచన పడేది?"

"మరి రోజూ ఎట్లా దాటుతావు?"

తిరుమలమ్మ ముఖం విప్పారింది. "జనంతోనే! ఈ ఊరి జనం బంగారం నాయనా. నేనొచ్చే పొద్దుకు సరిగ్గా నలుగురైదుగురు గుంపుగా దాటతారు. చెప్పుల సద్దు పట్టుకోని నడస్తాను. సాయంత్రమూ అంతే. ఒక్కనాడు తప్పలే. ఈ పొద్దు ఏమాయెనో, ఒక్కరూ రాలే."

"పోలీసు ఊళ్ళో లేడవ్వా."

"వాడా! వాడొక పీడ. పొద్దస్తమానం జనాన్ని వెనక్కి పో, వెనక్కి పో అని తరమతా ఉంటాడు. వాడి సద్దు లేదే అని సంతోషపడినా. జనం సద్దు కూడా లేకపోయె."

పదకొండు పుటలూ, త్రివిక్రమునితో సహా, ఒక్కొక్కటే సుందరరాజులుగారి కళ్ళముందునుంచి పోయాయి. అంతలో టీ అంగడి మునుస్వామి గ్లాసుల తట్ట పట్టుకుని, వారున్న పక్కనుంచే రోడ్డుకు అడ్డంగా దిగి నాలుగడుగులు వేశాడు. ఆయన కుడిచెయ్యి దానంతటదే లేచింది.

"వెనక్కి పో. గీతమీద రా."

"నాకా సార్? ఎందుకు సార్?"

"ముందు వెనక్కి పో!"

ఇరవైరెండేళ్ళు గోడలు లేని షెడ్డులో పాఠం చెప్పిన గొంతు అది. మునుస్వామి వెనక్కి పోయాడు. అతడి వెనకాలే వచ్చినవారు ముగ్గురు కూడా, తమనే అన్నారనుకుని, గీతల దగ్గర చేరారు. లారీలు ఆగాయి. తిరుమలమ్మ చెప్పుల సద్దు పట్టుకుని, తల ఎత్తుకుని, ధనకోటి ఎదుటనుంచే దొరసానిలా నడిచిపోయింది. బడిగంట కొట్టారు. హాజరుపట్టీలో ఎర్రసిరా ఆయనే అడిగి పెట్టించుకున్నారు.

ఆ సాయంత్రం ఆదికేశవులు మూటలు కడుతుండగా వెళ్ళి అడిగారు. "తిరుమలమ్మ సంగతి నాకు ఒక్కమాట చెప్పరాదా అప్పా?"

"ఏ తిరుమలమ్మ సార్?"

"నాకు తెలిసిపోయిందిలే."

ఆదికేశవులు తాడు ముడి బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు. "ఆ యమ్మ దాచిపెట్టుకున్న మాట సార్ అది. నేనెట్ల చెప్పేది? ఒకరికి చెప్తే ధనకోటిని చేరేదానికి ఎంతసేపు? నడమ ఒక రోడ్డే గదా."

మర్నాడే సుందరరాజులుగారు రెండవ అర్జీతో తిరువళ్ళూరు వెళ్ళారు. మొదటిదానిని రద్దు చేయమని ప్రార్థన. అసలు సంగతి చెప్పరాదు గనుక అందులో చెప్పడానికి ఏమీ లేదు. ఉన్న రెండు పుటలనూ శ్రద్ధగా విని అధికారి తల అడ్డంగా ఊపాడు.

"పస లేదు సార్. మొదటిదే బాగుంది."

"అది తప్పండీ."

"తప్పయితే అయ్యుండొచ్చు సార్. దాన్ని కొట్టివేయాలంటే దానికంటె బాగా రాసింది ఉండాలి. ఇది చాలదు."

జీవితంలో సుందరరాజులుగారి రచనకు దక్కిన అత్యున్నత ప్రశంస అదే. ఆయన తలవంచుకుని బస్సెక్కారు.

ఆదికేశవులు పోయే రోజున ఆయన ఈల అడిగారు. ఆదికేశవులు దానిని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. "ఈల సర్కారుది సార్, ఇచ్చేదానికి లేదు. గొంతు మీదే గదా."

ఆనాటినుంచి ఉదయం తొమ్మిది నలభైకీ, సాయంత్రం నాలుగున్నరకూ తెలుగు పండితులు గీతల దగ్గర నిలబడి జనాన్ని వెనక్కి పంపసాగారు. పాపం, అయ్యవారు ఎండకు చెడిపోయారని ఊరు నిర్ణయించింది. తిరుమలమ్మ కూడా కొట్టులో తోటివారితో, "ఆ పోలీసోడి పీడ పోయిందంటే ఈ అయ్యోరి పీడ పట్టుకునింది" అని చెప్పేదట. మూడేళ్ళు గడిచాయి. తిరువళ్ళూరులో ఉచిత కంటి శిబిరం పెట్టినప్పుడు, చింతపండు పని లేని నెల చూసి, మనవరాలి పెండ్లికి పోతున్నానని ధనకోటికి ఆమెచేత చెప్పించి, ఆయనే ఆమెను తీసుకుపోయి శుక్లం తీయించారు. సీసా అడుగంత మందపు కళ్ళద్దాలతో ఆమె తిరుత్తణిలో బస్సు దిగింది. రోడ్డును ఆ చివరినుంచి ఈ చివరిదాకా తనివితీరా చూసింది. చూసి, గీతలను కుడిచేతి వైపు వదిలేసి, మూలగా, లారీకీ బస్సుకూ నడుమనుంచి, నేరుగా కొట్టులోకి నడిచిపోయింది.

"అవ్వా! గీత! గీతమీద రా!"

"కండ్లుండేదానికి గీతెందుకు అయ్యోరే?"

రెండేళ్ళు ఆమెతో వాదించి ఓడిన తరువాత, సుందరరాజులుగారు సంగతులన్నీ వివరంగా పళవేర్కాడుకు రాశారు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. దానిని ఆయన ఎర్రసిరా కలం మూత తీయకుండానే రెండుసార్లు చదివారు.

*

పళవేర్కాడు,
14 నవంబరు 1983.

తెలుగు అయ్యోరుగారికి ఆదికేశవులు నమస్కారం.

మీ జాబు చేరింది. ఇక్కడ నాలుగు దినాలుగా విడవని వాన. పడవలు పోలేదు. ఈ ఊర్లో పడవలు ఎటుబడితే అటు దాటతాయి. వచ్చిన కొత్తలో ఒక పడవను వెనక్కి పొమ్మన్నాను. పోయింది. ఆ దినమంతా తిరిగి రాలేదు. మరునాడు పడవాయన వచ్చి, గాలి ఎటు తోలితే అదే మాకు గీత సార్ అన్నాడు. న్యాయంగా ఉండాదని ఒప్పుకున్నాను.

అర్జీ సంగతి మీరు ఇంకా మనసులో పెట్టుకోని రాసినారు. విడిచిపెట్టండి. బదిలీ కాగితం ఇచ్చేటప్పుడు గోపాలన్ దాన్ని నాకు నోటితో ఒప్పజెప్పినాడు. త్రివిక్రముని మాట నాకు బాగా నచ్చింది. మా దేవకికి చెప్తే, నేను ఇన్నేండ్లుగా తిడతా ఉండాను గాని ఇంత బాగా తిట్టలేదే అని అసూయపడింది.

తిరుమలమ్మకు కన్ను వచ్చినందుకు సంతోషం. నన్ను పీడ అనిందని రాసినారు. నా ఎదురుగానే అనేది, నాకు అలవాటే. ఆ గుంపులు కూడగట్టింది నేనని ఇప్పుడు కూడా చెప్పొద్దు. ఊరి జనం బంగారమనే అనుకోనీండి. ఆ మాటలో తప్పేముంది. వెనక్కి పోండి అంటే అందురూ పోయినారు గదా.

గీత విడిచి దాటతా ఉండాదని రాసినారు. ఆ యమ్మకు కండ్లొచ్చినాయి గాని లారీకి రాలేదు గదా సార్. ముసిలామె అని చూడొద్దు. తిట్టినా వినొద్దు. వెనక్కి పంపండి.

ఇట్లు,
ఆదికేశవులు.

ఈ జాబుకు మీరు బదులు రాస్తారని తెలుసు. తపాలా డబ్బా మీ ఇంటి నుంచి రోడ్డుకు ఆపక్క ఉండాది. గీతమీద పోండి.